తాకడం వేరు, కలవడం వేరు: వైరస్ కణంలోకి చొరబడే క్షణం

అందరికీ నమస్కారం.

వైరస్ మన కణంలోకి ఎలా వెళుతుందని అడిగితే, కరోనా తరవాత చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: తాళానికి తాళంచెవి సరిపోయినట్టు. వైరస్ మీది కొమ్ము తాళంచెవి, కణం మీది గ్రాహకం, అంటే వైరస్ పట్టుకునే అణువు, తాళం, రెండూ సరిపోగానే తలుపు తెరుచుకుంటుంది. ఈ పోలికను నేను కూడా తరగతి గదుల్లో ఏళ్ల తరబడి వాడాను. ఇప్పుడు వాడటం లేదు. అసలు కథ మొదలయ్యే చోటే అది ఆగిపోతుంది.

కణానికి తలుపు ఉండదు. చుట్టూ ఉన్నది సందు లేని ఒక పలుచని పొర. ఇన్‌ఫ్లుయెంజా, హెచ్‌ఐవీ, తట్టు, డెంగీ, ఎబోలా, రేబీస్, కరోనా వైరస్‌ల చుట్టూ కూడా అలాంటి పొరే ఉంటుంది. దాన్నే వైరస్ తొడుగు అంటాం. ఆ తొడుగు లోపల ఉన్న జన్యుపదార్థం మన కణం లోపలికి చేరాలంటే రెండు పొరలూ కలిసి ఒకే పొర కావాలి. గ్రాహకాన్ని పట్టుకున్న వైరస్ ఇంకా బయటే ఉంది. ఒడ్డుకు చేరిన పడవ లాంటిది, అంతే. ఒడ్డుకు చేరాక జరిగే పని గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. పోలియో, రోటా లాంటి తొడుగు లేని వైరస్‌లు వేరే దారిలో వస్తాయి. వాటి జోలికి ఇవాళ వెళ్లను.

రెండు పొరలు ఒకటి కావడానికి మన భాషలో చక్కని మాట ఉంది: సంధి. రాముడు, అతడు అన్న మాటలు పక్కపక్కన వచ్చినప్పుడు మధ్యలోని ఉకారం తొలగిపోయి 'రాముడతడు' అవుతుంది. మొదటి మాట ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో గీత గీసి చూపలేం. సంధి జరగని చోటును కూడా గుర్తు చేసుకోండి. మా, అమ్మ అన్న మాటలు పక్కపక్కన వస్తే 'మాయమ్మ' అంటాం. రెండు అచ్చులూ ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో యకారం వచ్చి నిలబడుతుంది. రెండు పొరల మధ్య ఆ యకారం పని చేసేది నీరు.

కణం పొర కొవ్వు అణువులతో అల్లినది. ఒక్కో అణువుకు నీటిని కోరుకునే తల, నీటికి దూరంగా ఉండే రెండు తోకలు ఉంటాయి. తోకలు లోపలికి, తలలు బయటికి తిరిగేలా అవి రెండు వరసలుగా పేర్చుకుంటాయి. మొత్తం మందం నాలుగైదు నానోమీటర్లు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఆ తలలను నీటి అణువులు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటాయి. రెండు పొరలను బాగా దగ్గరికి తోస్తే, చివరి రెండు మూడు నానోమీటర్ల దూరంలో ఆ నీరు అడ్డం తిరుగుతుంది. దాన్ని తొలగించడానికి చాలా బలం కావాలి. రెండు పొరలు పూర్తిగా కలవడానికి దాటాల్సిన శక్తి అడ్డంకి ఒక మోల్‌కు సుమారు 40 నుంచి 50 కిలోకేలరీలని అంచనా. శరీర ఉష్ణోగ్రత వద్ద అణువులకు సహజంగా ఉండే కదలిక శక్తి 0.6 కిలోకేలరీలు మాత్రమే. అంటే అడ్డంకి అంతకు 70, 80 రెట్లు పెద్దది. అందుకే పొరలు తమంతట తాము కలవవు. మన ఒంట్లో కోటానుకోట్ల కణాలు ఒకదానికొకటి ఆనుకునే ఉన్నా దేనికది విడిగా మిగిలేది ఈ అడ్డంకి వల్లే.

ఒక్క విషయం గమనించండి. కలిసిన పొర అస్థిరమైనదేమీ కాదు. కలిశాక మళ్లీ విడిపోవాల్సిన అవసరం దానికి లేదు. కొండకు అవతల పల్లమే ఉంది, కష్టమంతా కొండ ఎక్కడంలోనే. కాబట్టి వైరస్‌కు కావలసింది ఆ కొండ ఎక్కించే యంత్రం. దాని కొమ్ము ప్రోటీనే ఆ యంత్రం. గ్రాహకాన్ని పట్టుకోవడం దాని పనుల్లో ఒకటి. పొరలను కలపడం రెండోది, నా దృష్టిలో పెద్దది.

యంత్రం లోపలికి వెళ్లేముందు, పొరలు కలిసే తీరును కొంచెం నిదానంగా చూద్దాం. ముందు రెండు పొరలూ ఒక చోట బుడిపెల్లా పైకి లేచి ఎదురెదురుగా వస్తాయి. అక్కడ నీరు పక్కకు జరిగి, ఎదురెదురుగా ఉన్న రెండు బయటి వరసలు మాత్రం కలుస్తాయి. సన్నని కాడ లాంటి ఆకారం ఏర్పడుతుంది. లోపలి వరసలు ఇంకా విడిగానే ఉంటాయి. దీన్ని సగం సంధి అనుకోండి. కొవ్వు అణువులు అటూ ఇటూ మారతాయి, కానీ లోపలి సరుకు మాత్రం దాటదు. ఆ తరవాత లోపలి వరసలు కూడా కలిసి చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. మొదట అది ఒకటి రెండు నానోమీటర్లే ఉంటుంది, కొన్నిసార్లు తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది కూడా. అది పెద్దదైతేనే వైరస్ జన్యుపదార్థం కణంలోకి జారుతుంది.

సగం సంధి ఊహ కాదు. 1994లో ఇన్‌ఫ్లుయెంజా కొమ్ము మీద ఒక అందమైన ప్రయోగం చేశారు. మామూలుగా ఆ కొమ్ము తోక వైరస్ పొరను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గుచ్చుకుని ఉంటుంది. పరిశోధకులు ఆ తోకను తీసేసి, బయటి వరసకు మాత్రమే అంటుకునే కొవ్వు ముక్కను తగిలించారు. ఆ కొమ్ము పొరలను దగ్గరికి లాగింది, బయటి వరసలను కలిపింది, అక్కడే ఆగిపోయింది. రంధ్రం తెరుచుకోలేదు. తోక పొర మొత్తాన్ని గుచ్చుకుని ఉండాల్సిన అవసరం ఏమిటో ఆ ప్రయోగంతో తెలిసింది. నా విద్యార్థులకు ప్రతి ఏడూ ఈ ప్రయోగం చెబుతాను. ఒక్క మార్పుతో ఒక పెద్ద పనిని సరిగ్గా నడుమ ఆపి చూపించిన ప్రయోగాలు చాలా అరుదు.

ఇక యంత్రం సంగతి. అన్నిటికంటే బాగా తెలిసినది ఇన్‌ఫ్లుయెంజా కొమ్ము హీమగ్లుటినిన్. ఒక్కో వైరస్ మీద కొన్ని వందలుంటాయి. ఒక్కో కొమ్ము మూడు ఒకేరకం ముక్కలు పెనవేసుకున్నది, పొడవు సుమారు 13 నానోమీటర్లు. దాని ఆకారం 1981లో తొలిసారి వెల్లడైంది. లండన్‌లో జాన్ స్కెహెల్, హార్వర్డ్‌లో డాన్ వైలీ, ఇయాన్ విల్సన్ కలిసి చేసిన పని అది. వైరస్ మీద నుంచి కొమ్ములను కోయడానికి వాళ్లు వాడిన కత్తెర అనాస కాడలో దొరికే బ్రోమెలైన్ అనే ఎంజైము.

ఆ ఆకారం చూశాక పెద్ద చిక్కు వచ్చిపడింది. కొమ్ముకు పొరలో గుచ్చుకునే ఒక చిన్న భాగం ఉంది, సుమారు 20 అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌ను కట్టే ఇటుకల) పొడవు, నీటిని ఓర్చుకోలేనిది. దాన్ని సంలీన పెప్టైడ్ అంటాం. పొరలు కలవడాన్నే శాస్త్రంలో సంలీనం అంటారు. ఇవాళ మాటల మధ్యలో కొక్కెం అని పిలుస్తాను. కణంలో గుచ్చుకోవాల్సిన ఈ కొక్కెం కొమ్ము కొనలో లేదు! అడుగున, వైరస్ పొరకు దగ్గరలో, లోపల దాగి ఉంది. కణాన్ని పట్టుకునే కొన నుంచి దాదాపు 10 నానోమీటర్ల దూరం. మరి అది కణాన్ని ఎలా చేరుతుంది?

నా చెయ్యి చూడండి. మోచేతిని బల్లకు ఆనించి చేతిని నిలబెట్టాను. బల్ల వైరస్ పొర. మణికట్టు దగ్గర అరచేతిని కిందికి వంచి, వేళ్లు మోచేతి వైపు చూసేలా ముడిచాను. వేళ్ల కొసలు కొక్కెం. ఈ ముడిచిన చేతి మీద ఒక టోపీ ఉందనుకోండి, గ్రాహకాన్ని పట్టుకునే భాగం అది. ఇప్పుడు టోపీ పక్కకు జరుగుతుంది. మణికట్టు తటాలున నిటారు అవుతుంది. వేళ్లు పైకి దూసుకుపోయి, నా తల మీద ఉన్న కణం పొరలో గుచ్చుకుంటాయి. ఒకే చెయ్యి అడుగున వైరస్‌ను, పైన కణాన్ని పట్టుకుని ఉంది. కానీ రెండూ ఇంకా దూరంగానే ఉన్నాయి. అప్పుడు రెండో కదలిక. చెయ్యి నడుమ మడుచుకుంటుంది. వేళ్లు, మోచెయ్యి పక్కపక్కకు వచ్చేస్తాయి. వాటిని పట్టుకున్న రెండు పొరలూ వాటితో పాటే దగ్గరికి రాక తప్పదు. మధ్యలో ఉన్న నీరు పక్కకు నెట్టుకుపోతుంది.

మొదటి కదలికను 1993లో చావెలా కార్, పీటర్ కిమ్ ముందే ఊహించారు. ముడిచి ఉన్న వదులు మెలిక భాగం గట్టి సర్పిలంగా, అంటే స్ప్రింగులా చుట్టలు తిరిగిన కడ్డీగా మారి నిటారవుతుందని, నొక్కిపెట్టిన స్ప్రింగు విడుదలైనట్టు జరుగుతుందని వాళ్లు చెప్పారు. మరుసటి ఏడాది, 1994లో, వైలీ, స్కెహెల్ బృందం ఆమ్లంలో మారిపోయిన కొమ్ము ఆకారాన్ని కనిపెట్టింది. మెలిక నిజంగానే సర్పిలమైంది. సుమారు 10 నానోమీటర్ల పొడవైన కడ్డీ ఒకటి తయారైంది, కొక్కెం దాని పై కొనకు చేరింది. అదే అమైనో ఆమ్లాల వరస, అదే ప్రోటీన్, పూర్తిగా వేరే ఆకారం. ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. పుస్తకాల్లో ప్రోటీన్లను కదలని శిల్పాల్లా గీస్తారు. ఇది శిల్పం కాదని ఆ రోజే నాకు అర్థమైంది.

ఈ పనికి శక్తి ఎక్కడిది? మన కణాల్లో చాలా యంత్రాలు ఏటీపీ అనే ఇంధనంతో నడుస్తాయి. కొమ్ముకు ఏ ఇంధనమూ లేదు. శక్తి అంతా దాని మడతల్లోనే దాచి ఉంటుంది. ఎక్కుపెట్టిన విల్లును తలుచుకోండి. ఎక్కుపెట్టిన చెయ్యి ఎప్పుడో పని ముగించింది, బాణం వదలడానికి నారిని సడలిస్తే చాలు. ఈ విల్లును ఎక్కుపెట్టేది మన కణాలే. కొమ్ము తయారైనప్పుడు ఒకే ముక్కగా ఉంటుంది. అలా ఉన్నంతవరకు అది పనికిరాదు. మన ఎంజైము ఒకటి దాన్ని ఒక నిర్దిష్టమైన చోట కోస్తేనే కొక్కెం కొస విడుదలై, తన దాపులో సర్దుకుని, విల్లు సిద్ధమవుతుంది. మామూలు ఇన్‌ఫ్లుయెంజా కొమ్మును కోసే ఎంజైములు ముఖ్యంగా శ్వాసమార్గంలో ఉంటాయి, అందుకే ఆ జబ్బు సాధారణంగా అక్కడికే పరిమితమవుతుంది. తీవ్రమైన బర్డ్ ఫ్లూ రకాల్లో కోత జరిగే చోట అదనపు క్షార అమైనో ఆమ్లాలు చేరి ఉంటాయి. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైము దాన్ని కోయగలుగుతుంది. దాంతో కోళ్లలో వైరస్ ఒళ్లంతా పాకుతుంది. కొమ్ములో ఒక చిన్న కోత స్థలం మారడం వల్ల ఇంత తేడా వస్తుంది.

ఎక్కుపెట్టిన బాణం వదలడానికి సరైన క్షణం కావాలి. ముందే వదిలితే దారిలోనే వృథా. చాలా కొమ్ములకు మళ్లీ ఎక్కుపెట్టుకునే శక్తి ఉండదు. మడత మారిందంటే మారినట్టే. కాబట్టి 'ఇప్పుడు నేను సరైన చోట ఉన్నాను' అని కొమ్ముకు తెలియాలి. ఒక్కో వైరస్ ఆ సంగతి తెలుసుకునే తీరు చూస్తే ఈ విషయం మీద నాకు మళ్లీ మళ్లీ ప్రేమ పుడుతుంది.

ఇన్‌ఫ్లుయెంజా ఆమ్లతను నమ్ముకుంది. కణం బయటి వస్తువులను చిన్న సంచుల్లో లోపలికి తీసుకుంటుంది, వాటిని ఎండోసోములంటాం. సంచి లోపలికి వెళ్లేకొద్దీ దానిలో ఆమ్లత పెరుగుతుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ అంకె (ఇది తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 5 నుంచి 5.5 దగ్గరికి వచ్చేసరికి కొమ్ము మడత విప్పుకుంటుంది. కణం లోపల తప్ప ఇంత ఆమ్లత ఎదురుకాదు కాబట్టి ఆ గుర్తు పొరపడదు. ఆమ్లతే ఈ మీట అన్న సంగతి 1980లో హైడెల్‌బర్గ్‌లో ఆరి హెలేనియస్, కై సైమన్స్, వారి సహచరులు సెమ్లికి ఫారెస్ట్ వైరస్ మీద చేసిన పనితో బయటపడింది.

హెచ్‌ఐవీకి ఆమ్లత అక్కర్లేదు. దానికి రెండు తాకిడులు కావాలి. దాని కొమ్ములోని జీపీ120 భాగం ముందు సీడీ4 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. అప్పుడు దాని ఆకారం కొంచెం మారి, రెండో గ్రాహకాన్ని, అంటే సీసీఆర్5 లేదా సీఎక్స్‌సీఆర్4ను పట్టుకునే చోటు బయటపడుతుంది. రెండోదీ దొరికాకే జీపీ41 భాగంలోని కొక్కెం దూసుకొస్తుంది. ఒక్కో హెచ్‌ఐవీ మీద సగటున 14 కొమ్ములే ఉంటాయి. అంత తక్కువ బాణాలున్నవాడు తొందరపడి వదలడు.

ఎబోలా కొమ్ము మరీ లోతుకు వెళుతుంది. ఎండోసోములోని కేథెప్సిన్ ఎంజైములు దాని పైభాగాన్ని కొరికేశాకే గ్రాహకాన్ని పట్టుకునే చోటు బయటపడుతుంది. ఆ గ్రాహకం, ఎన్‌పీసీ1, కణం బయటి పొర మీద కాదు, లోపలి సంచుల పొర మీద ఉంది. 2011లో ఈ సంగతి తెలిసింది. తాళం ఇంటి లోపలి గదిలో ఉందన్నమాట. తాళంచెవి పోలికను నేను ఎందుకు వదిలేశానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కరోనా వైరస్‌కు రెండు దారులున్నాయి. కొమ్మును కోసే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైము కణం పైభాగాన ఉంటే అక్కడికక్కడే పొరలు కలుస్తాయి. లేకపోతే వైరస్ సంచిలోకి వెళ్లి, కేథెప్సిన్ ఎంజైముల కోత కోసం ఎదురుచూస్తుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల 2020లో ఎంత గందరగోళం జరిగిందో చెప్పాలి. క్లోరోక్విన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మందులు సంచుల్లో ఆమ్లతను తగ్గిస్తాయి. ఆమ్లత తగ్గితే కేథెప్సిన్లు సరిగా పనిచేయవు. ప్రయోగశాలల్లో విరివిగా వాడే వీరో కణాల్లో ఆ మందులు వైరస్‌ను బాగా ఆపాయి. ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి వచ్చిన ఆ కణాల్లో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 చాలా తక్కువ, అందువల్ల వైరస్‌కు సంచి దారే దిక్కు. మనిషి ఊపిరితిత్తుల కణాల్లో మొదటి దారి తెరిచే ఉంది. అక్కడ ఆ మందు వైరస్‌ను ఆపలేదని 2020లోనే పరీక్షించి చూపారు. రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షల్లోనూ ఉపయోగం కనబడలేదు. సంలీనం ఎక్కడ జరుగుతుందన్నది కేవలం పండితుల చర్చ కాదని అప్పుడు తెలిసింది.

కొమ్ములన్నీ కొమ్ముల్లాగే ఉండవు. డెంగీ వైరస్‌ను సూక్ష్మదర్శినిలో చూస్తే నున్నని బంతి. దాని మీద 'ఈ' (E) అనే పేరున్న ప్రోటీన్లు 180, రెండేసి జతలుగా, పొర మీద పడుకుని ఉంటాయి. ఆమ్లత తగలగానే జతలు విడిపోయి, లేచి నిలబడి, మూడేసిగా కలుస్తాయి. వాటి కొసన ఉన్న కొక్కెం కణం పొరలో దిగుతుంది, ఆ తరవాత అవి కూడా మడుచుకుంటాయి. కడ్డీల బదులు ఇక్కడ పలకల లాంటి మడతలు. రేబీస్, హెర్పిస్ కుటుంబాలది మూడో రకం నిర్మాణం. రేబీస్ కుటుంబంలో ఒక విశేషం ఉంది: ఆమ్లత తగ్గితే కొమ్ము మళ్లీ పాత ఆకారానికి తిరిగి రాగలదు. ఇందాక చాలా కొమ్ములు అన్నానే తప్ప అన్నీ అనలేదు, ఈ మినహాయింపు కోసమే. మూడు రకాలకూ నిర్మాణంలో పోలిక లేదు, కానీ చివరికి అన్నీ అదే పని చేస్తాయి. ఒక చివర కణంలో గుచ్చి, రెండో చివరను దాని పక్కకు తెచ్చి, మడుచుకోవడం. అది కూడా ఒంటరిగా సాధ్యం కాదు, ఇన్‌ఫ్లుయెంజాలో పక్కపక్కన ఉన్న మూడు నాలుగు కొమ్ములు కలిసి లాగితేనే ఆ కొండ దాటడం వీలవుతుంది.

ఇంత వివరంగా తెలుసుకుని ఏం చేశామన్న ప్రశ్నకు వస్తాను.

చెయ్యి చాచి, ఇంకా మడుచుకోని ఆ క్షణం గుర్తుందా? హెచ్‌ఐవీలో ఆ క్షణం కొన్ని నిమిషాలు ఉంటుంది. మడుచుకోవాల్సిన భాగాన్ని పోలిన 36 అమైనో ఆమ్లాల ముక్కను తయారు చేసి ఇస్తే అది వచ్చి ఆ ఖాళీలో ముందే కూర్చుంటుంది. చెయ్యి ఇక మడుచుకోలేదు. ఎన్‌ఫువిర్టైడ్ అనే ఈ మందుకు 2003లో అమెరికాలో అనుమతి దొరికింది. రోజుకు రెండుసార్లు సూది వేసుకోవాల్సి రావడం వల్ల దాని వాడకం పరిమితంగానే మిగిలింది. అయినా సంలీనాన్ని సరిగ్గా నడుమ ఆపగలమని మందు రూపంలో రుజువు చేసింది అదే.

ఇంకా గొప్ప కథ ఆర్‌ఎస్‌వీది, అంటే రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్‌ది. పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే వైరస్ అది. 1960ల్లో దాన్ని ఫార్మాలిన్‌తో చంపి టీకాగా ఇచ్చి చూశారు. టీకా తీసుకున్న పసిపిల్లలకు తరవాత ఆ వైరస్ సోకినప్పుడు రక్షణ దొరకలేదు సరికదా, జబ్బు మరింత ముదిరింది. ఎక్కువమంది ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ దెబ్బతో ఆర్‌ఎస్‌వీ టీకా దశాబ్దాల పాటు వెనకబడింది. ఆ విషాదానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువ. వాటిలో ఒకటి ఇవాళ్టి మన విషయమే. ఆర్‌ఎస్‌వీ సంలీన ప్రోటీన్ ఎంతో చంచలమైనది, ఏ ప్రేరణా లేకుండానే తనంతట తాను మడుచుకుపోతుంది. అలా పని ముగించిన ఆకారాన్ని చూపి టీకా వేస్తే, శరీరం ఆ ఆకారాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలను తయారు చేస్తుంది. వైరస్‌ను ఆపాలంటే ఇంకా ఎక్కుపెట్టి ఉన్న ఆకారాన్ని పట్టుకోవాలి. వదిలేసిన విల్లును పట్టుకుని ఏం లాభం?

2013లో జేసన్ మెక్‌లెల్లన్, పీటర్ క్వాంగ్, బార్నీ గ్రాహమ్ బృందం ఆ చంచలమైన ఆకారాన్ని తొలిసారి చూడగలిగింది. దాన్ని గట్టిగా పట్టుకునే ఒక యాంటీబాడీ సాయంతో కదలకుండా ఆపి చూశారు. బలమైన యాంటీబాడీలు పట్టుకునే చోటు ఆ ఆకారం తల మీద ఉందని, మడుచుకోగానే అది చెదిరిపోతుందని తెలిసింది. తరవాత ప్రోటీన్ లోపలి ఖాళీలను నింపి, రెండు భాగాలను గంధకపు బంధంతో కలిపి, విల్లు వదలకుండా బిగించారు. ఆ దారిలో తయారైన ఆర్‌ఎస్‌వీ టీకాలకు 2023లో అనుమతులు వచ్చాయి. మొదట వయసు పైబడిన వారికి, తరవాత పుట్టబోయే బిడ్డను కాపాడేందుకు గర్భిణులకు. ఈ మాట చెబుతున్నప్పుడు నాకు ఆ ఇద్దరు పిల్లలు గుర్తొస్తారు. దాదాపు ఆరు దశాబ్దాలు పట్టింది.

కరోనా టీకాలు అంత త్వరగా రావడానికి ఈ పనే పునాది. కరోనా కుటుంబంలోనే మరో వైరస్ అయిన మెర్స్ కొమ్ము మీద 2017 నాటికే ఒక ఉపాయం దొరికింది. సర్పిలం నిటారయ్యే మలుపు దగ్గర రెండు అమైనో ఆమ్లాలను తీసి ప్రోలీన్లు పెడితే, గట్టిగా ఉండే ఆ ప్రోలీన్లు సర్పిలం సాగకుండా అడ్డుపడతాయి. 2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం రాగానే అదే మార్పును దాని కొమ్ములోనూ చేశారు. మొత్తం 1273 అమైనో ఆమ్లాల్లో మార్చింది 986, 987 స్థానాల్లోని రెండింటిని. మోడర్నా, ఫైజర్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు రెండింటిలోనూ ఆ రెండు ప్రోలీన్లున్నాయి. ఆ టీకాలు తీసుకున్న కోట్ల మంది ఒంట్లో తయారైంది ఎక్కుపెట్టి ఉన్నా వదలలేని కొమ్ము.

ఇంకొక్క సంగతి. ఆర్‌ఎస్‌వీ పేరులో 'సిన్సీషియల్' అన్న మాట ఉంది. వైరస్ సోకిన కణం తన మీద కొత్త కొమ్ములను మోస్తుంది. ఆ కొమ్ములు పక్క కణాన్ని పట్టుకుని రెండు కణాలనే కలిపేస్తాయి. ఇలా అనేక కేంద్రకాలున్న పెద్ద కణం ఏర్పడుతుంది, దాన్ని సిన్సీషియం అంటారు. తట్టు, నీపా వైరస్‌లలోనూ ఇది కనబడుతుంది. 1950ల్లో ఒసాకాలో యోషియో ఒకాడా సెండాయ్ వైరస్‌తో కణాలు కలిసిపోవడాన్ని గమనించారు. అప్పటి నుంచి శాస్త్రవేత్తలు చంపిన సెండాయ్ వైరస్‌ను కణాలను కలిపే సాధనంగా వాడుకున్నారు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే లక్ష్యాన్ని పట్టుకునే ఒకే రకం యాంటీబాడీల) కోసం రెండు రకాల కణాలను కలిపింది కూడా ఈ వైరస్‌తోనే. ఇవాళ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే ఎన్నో మందుల మూలం ఆ సంధిలో ఉంది.

ఇంతకంటే లోతైన బంధుత్వం మన పుట్టుకలోనే ఉంది. తల్లి గర్భంలో బిడ్డకు పోషణ అందించే మావి బయటి పొర కూడా సిన్సీషియమే. అక్కడ కణాలను కలిపే ప్రోటీన్ పేరు సిన్సిటిన్. 2000 సంవత్సరంలో దాని మూలం బయటపడింది. కోట్ల ఏళ్ల కిందట మన పూర్వజీవుల జన్యువుల్లో చేరి ఉండిపోయిన ఒక రెట్రోవైరస్ కొమ్ము అది. ఎలుకల్లో ఇలాంటి ప్రోటీన్‌నే తీసేస్తే పిండాలు గర్భంలోనే చనిపోతాయి.

ప్రశ్నలకు సమయం ఉందన్నారు. అక్కడ వెనక వరసలో ఉన్న అమ్మాయి, అడగమ్మా.

"మీరు చెప్పినదాని ప్రకారం అన్ని వైరస్‌లూ చివరికి పొరలనే కలపాలి కదా. కొమ్ములు వేరైనా పొర ఒకటే కాబట్టి, పొర కలవకుండా చేసే ఒకే మందు అన్నిటికీ పనిచేయదా?"

చాలా మంచి ప్రశ్న. ఈ ఆలోచన మన కణాలకు ముందే వచ్చింది. ఐఎఫ్‌ఐటీఎం3 అనే ప్రోటీన్ ఉంది. ఇన్‌ఫ్లుయెంజాను, డెంగీని అది అడ్డుకుంటుందని 2009లో తెలిసింది. అది వైరస్ కొమ్మును పట్టుకోదు. మన పొరలోనే కూర్చుని దాన్ని బిగుతుగా, వంగడానికి మొండికేసేలా మారుస్తుంది. వైరస్ సగం సంధి దాకా వచ్చి, రంధ్రం తెరవలేక ఇరుక్కుంటుంది. వైరస్ సోకిందని కణాలు ఒకదానికొకటి పంపుకునే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ రాగానే కణాలు ఈ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి.

అయితే ఆ మందులో చిక్కు ఎక్కడుందో మీ ప్రశ్నలోనే ఉంది. పొర ఒకటే అన్నారు కదా. మన ఒంట్లో కలవాల్సిన పొరలు కూడా ఉన్నాయి. 2019లో రెండు బృందాలు ఇదే ప్రోటీన్ కుటుంబాన్ని మావిలో పరీక్షించాయి. ఇంటర్‌ఫెరాన్ పెరిగినప్పుడు ఐఎఫ్‌ఐటీఎంలు సిన్సిటిన్ పనిని కూడా ఆపేస్తున్నాయని తేలింది. మావి కణాలు కలవలేకపోతున్నాయి. గర్భంతో ఉన్న ఎలుకల్లో ఇంటర్‌ఫెరాన్ ప్రభావంతో పిండాలు చనిపోయాయి. ఐఎఫ్‌ఐటీఎం జన్యువులు తీసేసిన ఎలుకల్లో ఆ పిండాలు బతికాయి.